కొత్తవారి పని

చిన్నకోడలు దిద్దింది ఒకే ఒక్క మాట. ఆ ఒక్క మాటకి ఇల్లంతా లేచి వచ్చి భోజనాల బల్ల చుట్టూ చేరింది.

ఆమె పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాల రాకపోకలు చూసే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీయో అమ్మింది కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో జీతం భత్యం లేకుండా, తీరిక చేసుకుని, కలిసి రాసిపెట్టింది. దాని లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు. తప్పు కనబడితే ఎవరైనా దిద్ది పంపొచ్చు. బాగుంటే కలుపుకుని, పంపినవాళ్ళ పేరు జాబితాలో ఎక్కిస్తారు. ఎనిమిది నెలలుగా తనంతట తనే ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న చిన్నకోడలు, ఆ సాఫ్ట్‌వేర్ సహాయం పేజీలో ‘పుస్తకం తొలగించు’ అని ఉన్నచోట ‘పుస్తకం తిరిగి తీసుకో’ అని ఉండాలని కనిపెట్టింది. దిద్ది పంపింది. మూడోరోజున, మంగళవారం సాయంత్రం, కలుపుకున్నామని జవాబొచ్చింది.

“పైకి చదువమ్మా, మేమూ వింటాం,” అన్నారు అత్తగారు తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ.

చిన్నకోడలు చదివింది. ‘స్వాగతం. ఈ పేజీని ఏడేళ్ళుగా కొన్ని వందలమందిమి చదివాం. ఈ తప్పు మీ కంటికే కనబడింది. మళ్ళీ రండి.’ కింద జాబితాలో రెండువందల పదమూడో పేరు ఆమెది.

“ఎవరు రాశారిది?”

“మెయింటైనర్ అత్తయ్యా. ఏ మార్పు లోపలికి రానివ్వాలో, ఏది వద్దో చెప్పేది ఆయనే.”

“అంతటి మనిషి నిన్ను మళ్ళీ రమ్మన్నాడా!” అత్తగారు బుగ్గ మీద వేలు పెట్టుకున్నారు.

పెద్దకోడలు బీన్స్ తుంచుతోంది. తుంచడం ఆపలేదు. ప్రోగ్రాములు రాయడం ఆమెకి పన్నెండేళ్ళుగా ఉద్యోగం. ఒక బీమా కంపెనీలో పాలసీల పునరుద్ధరణ విభాగం మొత్తం ఆమె రాసిన కోడ్ మీదే నడుస్తోంది. ఒక మాట మార్చడమంటే ఏమిటో, ఎన్ని సెకండ్ల పనో, ఆ గదిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు.

“బావుంది,” అంది పైకి.

“చూశావా, మా మరదలి పేరు ప్రపంచమంతా చూస్తుంది,” అన్నాడు ఆమె భర్త, భుజం మీంచి తెరలోకి తొంగి చూస్తూ. “అవునోయ్, నువ్వు పన్నెండేళ్ళ నుంచీ రాస్తున్నావు కదా, నీ పేరెక్కడా కనబడదేం?”

వేళాకోళానికే అన్నాడు. అత్తగారు నవ్వారు. చిన్నకోడలు కూడా నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఆవిడ బాధేమిటో పెద్దకోడలికి ఆ సాయంత్రం పూర్తిగా తెలిసొచ్చింది. చేతిలో బీన్స్ కాయ కూరకి పనికిరానంత చిన్న ముక్కలైంది.

మర్నాడు ఆఫీసులో ఆమె మూడువారాలు కష్టపడి తిరగరాసిన భాగం టీమ్ లీడ్ దగ్గరికి వెళ్ళింది. పదకొండు ఫైళ్ళు. ఎక్కడ ఎందుకు మార్చిందో ఒక పేజీడు వివరణ కూడా రాసింది. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. ‘ఓకే.’ నాలుగు నిమిషాల్లో పదకొండు ఫైళ్ళు చదవడం ఎవరితరమూ కాదని ఆమెకి తెలుసు. ఎప్పుడూ అంతే. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆరోజు మాత్రం ఆ మాటని తెర మీద చాలాసేపు చూస్తూ కూచుంది. ఒక్క మాటకి నాలుగు వాక్యాల స్వాగతం అక్కడ, పదకొండు ఫైళ్ళకి ఒక్క మాట ఇక్కడ.

ఇంటికొచ్చేసరికి చిన్నకోడలు మేడమెట్ల మలుపు దగ్గర పీట వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూచుంది. పక్కన గ్రంథాలయం నుంచి తెచ్చిన లేబుళ్ళ చుట్ట.

“అక్కా, ఈసారి నిజం పనే తీసుకున్నాను,” అంది కళ్ళు మెరుస్తుండగా. “పుస్తకం వెన్ను మీద అంటిస్తామే, ఆ లేబుల్. పేరు పొడుగైతే అచ్చులో పక్కకి పోతుంది. ఆరేళ్ళ నుంచీ కత్తెరతో తంటాలు పడుతున్నాను. కొత్తవాళ్ళ కోసమని విడిగా పెట్టిన పనుల్లో ఉందిది. నేను చేస్తానని కింద రాశాను.”

“ఊఁ.”

“కానీ ఇదంతా నా మెషీన్లోకి ఎక్కించుకోవడమే చావుకొచ్చింది. పొద్దుట్నుంచీ తప్పు తప్పంటూ ఒకటే ఎర్ర అక్షరాలు.”

ఏ ఎర్ర అక్షరాలో చూపించమంటే రెండు నిమిషాల్లో చెప్పేది పెద్దకోడలు. చూపించమని అనలేదు. లోపలికి వెళ్ళి చెప్పులు విప్పింది.

అసలు దెబ్బ వంటింట్లో తగిలింది. బుధవారం వంట చిన్నకోడలి వంతు. అత్తగారు కూరగాయల బుట్ట తెచ్చి పెద్దకోడలి ముందు పెట్టారు.

“ఇవాళ్టికి నువ్వు కానియ్యి పెద్దమ్మాయ్. అది పాపం ఏదో కొత్తపని పెట్టుకుంది. కదిలిస్తే అంతా మర్చిపోతుందట.”

పన్నెండేళ్ళలో ఎన్ని కొత్తపనులు, ఎన్ని ఆఖరు గడువులు! చెవికి ఫోనుంచుకుని మీటింగులో మాట్లాడుతూ కూర కలిపిన రోజులున్నాయి. పాపం అన్నమాట ఈ ఇంట్లో ఎన్నడూ ఆమె వైపు రాలేదు. ఇప్పుడు లేబుళ్ళు అంటించే పిల్లకి వంతు మినహాయింపు! ముక్కలన్నీ కత్తిపీట మీద కాక పళ్ళ మధ్య పెట్టి నూరినట్టు తరిగింది. శుక్రవారం మళ్ళీ అదే జరిగింది. పొయ్యి ముందు నిలబడి వింటోంది, మెట్ల మీంచి చిన్నకోడలి కేక. “వచ్చింది అత్తయ్యా! తెర మీదకి వచ్చింది! మూడ్రోజులు పట్టింది!” కిందనుంచి అత్తగారి జవాబు. “మా తల్లే!”

కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారు దీన్నే. పోసుకున్నవాళ్ళకే మంట, అవతలివాళ్ళకి సెగ కూడా తగలదు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో చప్పుడు లేదు. అత్తగారు పడుకున్నారు. చిన్నకోడలు గ్రంథాలయంలో ఉంది, అయిదింటికిగానీ రాదు. పెద్దకోడలు తన గది తలుపు దగ్గరగా వేసి సొంత ల్యాప్‌టాప్ తెరిచింది. ఊరికే చూద్దామనుకుంది. ఆ మాట తనతో తనే రెండుసార్లు అనుకుంది.

ఆ పనుల పేజీ మీద పెద్ద అక్షరాలతో ఉంది. ‘ఇవి కొత్తగా వచ్చేవారి కోసం. ముందుగా ఎవరైనా తీసుకుని ఉంటే, దయచేసి రెండువారాలు ఆగండి.’ దాని కిందే చిన్నకోడలు అసలు పేరుతో రాసిన మాట. ‘నేను ప్రయత్నిస్తాను. నాకు కొంచెం టైం పడుతుంది.’ పెద్దకోడలు ఆ రెండూ చదివింది. ఎక్కడా కళ్ళు దాటెయ్యలేదు.

ఖాతా తెరవాలంటే ఒక పేరు కావాలి. ‘పిల్లిమీసం’ అని కొట్టింది. చిన్నకోడలికి మూడ్రోజులు పట్టిన ఎక్కింపు ఆమెకి ఇరవై నిమిషాలు పట్టింది. లేబుల్ అచ్చు వేసే భాగం ఎక్కడుందో ఇంకో అయిదు నిమిషాల్లో దొరికింది. ముప్ఫై అక్షరాలు దాటిన పేరుని అక్కడితో కత్తిరించి చివర మూడు చుక్కలు పెడితే సరి. పద్నాలుగు లైన్లు. అవి సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూసే అయిదు పరీక్షలు కూడా రాసింది. పొడుగు పేరు, పొట్టి పేరు, ఖాళీ పేరు, సరిగ్గా ముప్ఫై అక్షరాలది, అంకెలతో మొదలయ్యేది. అన్నీ పచ్చగా వచ్చాయి. వేళ్ళు చకచకా కదులుతుంటే ఆమెకి హాయిగా ఉంది, అబద్ధం ఎందుకు. ఆఫీసులో పని ఎప్పుడూ ఇంత శుభ్రంగా, ఇంత చిన్నగా, మొదలూ చివరా కనబడేట్టు ఉండదు. వివరణలో ప్రతి వాక్యం రెండుసార్లు దిద్దింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. నాలుగూ ముప్పావుకి పంపే బటన్ నొక్కింది.

అయిదుంపావుకి చిన్నకోడలు వచ్చింది. సంచీ మెట్ల మీద పెట్టి అలవాటుగా ల్యాప్‌టాప్ తెరిచింది. పెద్దకోడలు వంటింట్లోంచి చూస్తోంది. ఆ పిల్ల చెయ్యి కాసేపు అలాగే ఆగిపోయింది. తర్వాత మూత నెమ్మదిగా మూసింది. నేల మీద పరిచి ఉన్న లేబుల్ ముక్కలన్నీ ఏరింది. విప్పిన చుట్టని మళ్ళీ బిగించి చుట్టి, చివర ఊడకుండా అంటించింది.

“ఏమ్మా, అయిపోయిందా నీ పని?” అడిగారు అత్తగారు.

“అయిపోయింది అత్తయ్యా. ఎవరో చేసేశారు.”

“నువ్వు చేస్తానని చెప్పావుగా?”

“చెప్పాను. నాది ఆలస్యమైంది.” లేచి వంటింట్లోకి వచ్చింది. “అక్కా, ఇవాళ నేను చేస్తాను, మీరు కూచోండి. రెండ్రోజులూ మీరే చేశారు.”

పెద్దకోడలికి సంతోషం వచ్చింది. వచ్చిందనే చెప్పాలి, చల్లటి నీళ్ళు గొంతు దిగినట్టు. కానీ నీళ్ళు ఎంతసేపుంటాయి? ఆదివారం పొద్దున లేస్తూనే ఫోన్లో ఆ పేజీ చూసుకుంది. మెయింటైనర్ ఏమీ రాయలేదు. పళ్ళు తోముకుని చూసింది, టీ తాగి చూసింది, బట్టలు ఆరేస్తూ చూసింది. నాలుగు వాక్యాలు కావాలామెకి. స్వాగతం అన్న మాట ఒక్కటి చాలు. రాలేదు. మెట్ల మలుపు దగ్గర చిన్నకోడలు రోజల్లా ఏదో చదువుతూనే ఉంది. భోజనానికి కూడా రెండుసార్లు పిలిపించుకుంది.

“పని పోయిందన్నావు, ఇంకేం చదువుతున్నావు?” అడిగాడు పెద్దకోడలి భర్త.

“ఆ చేసినవాళ్ళు ఎలా చేశారో చూస్తున్నాను బావగారూ.”

సోమవారం సాయంత్రం పెద్దకోడలు ఆఫీసు నుంచి వచ్చి మొహం కడుక్కుంటుంటే చిన్నకోడలు తలుపు దగ్గర నిలబడింది.

“అక్కా, పది నిమిషాలు తీరికుందా? మీకు తప్ప ఇంకెవరికీ తెలియదిది.”

ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర కూచున్నారు. చిన్నకోడలు తెర అటు తిప్పింది. పద్నాలుగు లైన్లు.

“ఈ పిల్లిమీసంగారు ఎవరో గానీ, ఎంత శుభ్రంగా రాశారో చూడండి. నేను శుక్రవారం రాత్రంతా జుట్టు పీక్కుని డెబ్భై లైన్లు రాశాను, అయినా రాలేదు. నిన్నంతా ఇదే చదివాను. దాదాపు అర్థమైంది. ఈ మూడో లైను మాత్రం ఎందుకో తెలియలేదు. తీసేసినా నడుస్తోంది కదా?”

దొంగకి తేలు కుట్టినట్టయింది పెద్దకోడలికి.

“తీసేస్తే పేరు ఖాళీగా ఉన్నప్పుడు నడవదు. తీసి, ఖాళీ పేరు ఇచ్చి చూడు.”

చిన్నకోడలు తీసింది, ఖాళీగా ఇచ్చింది. ఎర్రగా వచ్చింది. “అమ్మో! ముందే ఊహించి పెట్టారన్నమాట. మరి ఇదిక్కడ విడిగా ఎందుకు రాశారు?”

చెప్పింది. ఆ తర్వాతదీ చెప్పింది. చెబుతూ చెబుతూ కుర్చీ దగ్గరికి లాక్కుంది. చిన్నకోడలు ప్రతి లైను కిందా వేలు పెట్టి, గ్రంథాలయంలో పాత పుస్తకం పేజీ తిప్పినంత జాగ్రత్తగా చదువుతోంది. తను రాసినదాన్ని పక్కన కూచుని ఒక్కొక్క లైనే చదివిన మనిషి పెద్దకోడలికి ఈ పన్నెండేళ్ళలో ఇదే మొదలు. అది ఎంత బాగుందంటే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. నాది, ఇది నేను రాసింది అని నోటిదాకా వచ్చిన మాటని మింగాల్సి వచ్చింది.

“అంతా బావుంది గానీ, ఒక్కటే తిరకాసు,” అంటూ చిన్నకోడలు సంచీలోంచి ఒక కాయితం తీసింది. దాని మీద ఏడు లేబుళ్ళు వరసగా అంటించి ఉన్నాయి. “దీన్ని ఇవాళ మా దగ్గర అచ్చు వేసి చూశాను. మా దగ్గర ఒక చరిత్ర పుస్తకం ఉంది, ఏడు సంపుటాలు. చదవండి.”

ఏడు లేబుళ్ళ మీదా ఒకటే పేరు, చివర మూడు చుక్కలు.

“ఎన్నో సంపుటమో పేరు చివరే కదా ఉంటుంది? ముప్ఫై దగ్గర కత్తిరిస్తే ముందు పోయేది అదే. ఇక ఏది ఒకటో ఏది ఏడో చూడాలంటే అన్నీ తెరవాలి. పేరు కత్తిరించకుండా రెండు వరసలు చేద్దామని నేను తిప్పలు పడింది అందుకే.”

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పెద్దకోడలు ఆ ఏడు ముక్కల్నీ చూస్తూ కూచుంది. అయిదు పరీక్షలు రాసింది, ఒక్కదాంట్లోనూ సంపుటం లేదు. పుస్తకం లేబుల్ రాసే ముందు ఒక్క బీరువా కూడా తలుచుకోలేదు.

“ఈ సంగతే మర్యాదగా కింద రాశాను. మెయింటైనర్ జవాబిచ్చారు. కానీ పిల్లిమీసంగారిని కొంచెం గట్టిగా అన్నారు.” చిన్నకోడలు చదివింది. ‘మీ చెయ్యి తిరిగిన చెయ్యి అని చూడగానే తెలిసింది. ఈ పని నేనైనా పది నిమిషాల్లో చెయ్యగలను. చెయ్యకుండా ఏడాది ఉంచాను. కొత్తవాళ్ళు లోపలికి రావడానికి మాకున్న మెట్టు ఇలాంటి పనే. ముందే ఒకరు దాని మీద కాలు పెట్టారు, మీరు చూసే ఉంటారు.’

పెద్దకోడలి చెవులు వేడెక్కాయి. మూడ్రోజులుగా ఫోను తీసి తీసి ఎదురుచూసిన జవాబు ఇది.

“ఆయన అలా అనకుండా ఉండాల్సింది,” అంది చిన్నకోడలు. “ఆ ఖాతా చూశానక్కా. శనివారమే తెరిచారు. ఇంతకుముందు ఎక్కడా ఏమీ చెయ్యలేదు. పని వచ్చినవాళ్ళే అయినా, ఇక్కడికి రావడం వాళ్ళకీ మొదటిసారే. ఎంత భయపడుతూ పంపారో ఏమో. నా పేరు గమనించి ఉండరు.”

తిట్టి ఉంటే సరిపోయేది. తిట్టినవాళ్ళని తిరిగి తిట్టుకోవచ్చు. ఇంత జాలి మోయడం పెద్దకోడలి వల్ల కాలేదు.

“గమనించాను,” అంది. “నీ పేరు చూసే చేశాను.”

చిన్నకోడలికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తెర వంక చూసింది, అక్క వంక చూసింది. కాయితం మడత పెట్టడం మొదలుపెట్టి సగంలో ఆపేసింది.

“ఎందుకక్కా?”

“కుళ్ళు. ఇంకేముంది? నువ్వు ఒక్క మాట దిద్దితే ఇల్లంతా వచ్చి చుట్టూ నిలబడింది. నేను పన్నెండేళ్ళుగా రాస్తున్నాను. ఏం రాస్తావు, ఏదీ చూడనీ అని ఈ ఇంట్లో ఒక్కరు వచ్చారా?”

“నేను వచ్చాను.”

పెద్దకోడలు తలెత్తింది.

“పెళ్ళయి వచ్చిన ఏడాది వచ్చాను. మీ గుమ్మంలో నిలబడి, మీరేం రాస్తారో చూపిస్తారా అక్కా అన్నాను. నీకర్థం కాదులే అన్నారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాను. అప్పుడూ అదే అన్నారు. అర్థమయ్యేట్టు నేర్చుకుని వద్దామని మొదలుపెట్టానిది.” కోపంగా అనలేదు. కోపం ఉన్నా గొంతులోకి రానివ్వలేదు. ల్యాప్‌టాప్ మూసి, కాయితం దాని మీద పెట్టుకుని, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు ఎంత గుర్తుచేసుకున్నా ఆ గుమ్మం గుర్తు రాలేదు, ఆ మాట గుర్తు రాలేదు. ఫలానా రోజున అన్నానని తెలిస్తే పశ్చాత్తాపపడటానికి ఏదైనా దొరికేది. గుర్తు లేనంత తేలిగ్గా అనేసిందన్నమాట, మూడుసార్లు. టీమ్ లీడ్ రాసే ‘ఓకే’ కూడా ఆయనకి గుర్తుండదు.

మంగళవారం ఆఫీసుకి వెళ్ళేముందు ఆ పేజీలో పిల్లిమీసం పేరుతోనే రాసింది. ‘ఈ పని ముందే ఒకరు తీసుకున్నారు. అది చూసి కూడా పంపాను. వెనక్కి తీసుకుంటున్నాను. సంపుటాల సంగతి ఆమె చెప్పిందే సరైనది.’ రాయడానికి రెండు నిమిషాలు పట్టింది, బటన్ నొక్కడానికి పావుగంట.

ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. చిన్నకోడలు ఎవరికీ చెప్పలేదు. తన వంతు వంట తను చేసింది, అడిగినదానికి జవాబు చెప్పింది. “ఆ గిన్నె ఇటివ్వండి.” “నీళ్ళు ఆగిపోయాయి, మోటారు వెయ్యండి.” ఏ మాట చివరా ‘అక్కా’ లేదు. ఆ పిలుపు ఎన్నడూ ఒక వస్తువనిపించలేదు పెద్దకోడలికి. మూడ్రోజులు అది లేకపోయేసరికి ఇంట్లో ఏదో పోయినట్టు ప్రతి మాటలోనూ వెతుక్కుంది.

“ఏమైందే మీ ఇద్దరికీ?” అన్నారు అత్తగారు గురువారం సాయంత్రం.

“నాదే తప్పు అత్తయ్యా,” అంది పెద్దకోడలు. అత్తగారు తువ్వాలు మడతపెట్టారు.

పొయ్యి కట్టేసి పెద్దకోడలు మేడ మీదకి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆరేసిన బట్టలు తేవడానికి తప్ప ఆ వైపు వెళ్ళింది లేదు. చిన్నకోడలి గది తలుపు తెరిచే ఉంది. బల్ల మీద ల్యాప్‌టాప్, లేబుల్ మెషీన్, పక్కన స్టూలు మీద ఏడు సంపుటాల్లో మొదటి రెండూ. ఆ పిల్ల వెనక్కి తిరక్కుండా ఏదో కొడుతోంది. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఆ ఎరుపు ఏమిటో గుమ్మంలోంచే తెలిసింది పెద్దకోడలికి. చెప్పాలని నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. లోపలికి అడుగు పెట్టలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“నువ్వు రాసింది చూపిస్తావా?” అంది.

చిన్నకోడలి వేళ్ళు ఆగాయి. తర్వాత ఆమె పక్కనున్న స్టూలు మీంచి రెండు పుస్తకాలు తీసి మంచం మీద పెట్టింది.

“రండక్కా,” అంది తిరిగి చూడకుండానే. “అర్థం కాకపోతే అడగండి.”